చుట్టరికం మోసే మనిషి

పెద్దవాళ్ళు పోయిన ఇళ్ళను గమనించండి. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు, మేనమామ పిల్లలు వేసవి సెలవులకు ఆ ఇంట్లోనే కలిసేవారు. ఆవిడ పోయిన ఏడాది సంవత్సరీకానికి అందరూ వచ్చారు. మరుసటేడు సగం మంది వచ్చారు. ఆ తర్వాత ఏదో పెళ్ళిలో ఎదురుపడటం, "ఇప్పుడెక్కడ ఉంటున్నావు?" అని అడగటం, నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం, మళ్ళీ ఇంకో పెళ్ళి దాకా ఆ నంబరు జోలికి పోకపోవడం. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అయినా ఆ కుటుంబం చెల్లాచెదురైపోయింది.

ఇలాంటప్పుడు "కాలం మారింది, ప్రేమలు తగ్గాయి" అంటారు. నేను ఒప్పుకోను. ఆ పిన్ని కొడుకును ఆస్పత్రిలో చేర్చారని ఇవాళ తెలిస్తే మీ గుండె గుభేలుమంటుంది. ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఆ కబురు మీ దాకా తెచ్చే మనిషి లేకుండా పోయింది.

అమ్మమ్మ ఏమేం చేసేదో గుర్తు తెచ్చుకోండి. ఎవరి కోడలికి ఎన్నో నెలో, ఎవరి అబ్బాయి పరీక్ష తప్పాడో, ఎవరింట్లో సంబంధం కుదిరినట్టే కుదిరి చెడిందో ఆవిడకు తెలుసు. కొత్తావకాయ ఏ ఇంటికి ఎంత పంపాలో తెలుసు. పెళ్ళి పిలుపులకు ముందు ఎవరి గడప తొక్కాలో, ఎవరికి కార్డు పంపితే చాలో, ఎవరిని ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవకపోతే అలుగుతారో తెలుసు. అన్నదమ్ములిద్దరికి మాటల్లేకపోతే ఒకరింట్లో కూర్చుని రెండోవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేది. ఇదంతా పనే. జీతం, సెలవు లేని పని. కరోలిన్ రోసెంథాల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1985లో కెనడా కుటుంబాల మీద రాసిన ఒక వ్యాసంలో దీన్ని ఇంటి పనుల పంపకంలో భాగంగా చూసింది. చాలా ఇళ్ళల్లో ఈ పనికి ఫలానా మనిషి అని ఉంటారని, ఆ మనిషి ఎక్కువగా స్త్రీయేనని చెప్పింది. మనకు శాస్త్రవేత్త చెప్పక్కర్లేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు, జేజమ్మలు, పెద్దత్తలు చేస్తుంటే చూస్తూ పెరిగాం.

పెద్దావిడ పోయాక నగలకు, పొలానికి, ఇత్తడి సామానుకు కూడా వారసులు దొరుకుతారు. ఈ పనికి దొరకరు. అందుకే చుట్టరికాలు తెగుతున్నాయి. ఆ పనికి మీరు వారసులు కావాలని, అది ఎలా చేయాలో చెప్పాలని ఈ అధ్యాయం రాస్తున్నాను.

ఆచారాలు మోసిన బరువు

అమ్మమ్మ ఒక్కత్తే మోయలేదు. ఆచారాలు సగం బరువు పట్టాయి. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాలంటే మేనమామ ఉండాలి. ఆయనతో మాటల్లేకపోయినా ఆ రోజుకు పిలవక తప్పదు. తెలంగాణలో ఆడపడుచుకు మూడేళ్ళకో అయిదేళ్ళకో ఒడిబియ్యం పోయాలి, అంటే ఆ పేరుతో అన్నదమ్ముల ఇంటికి ఆమె వచ్చి తీరుతుంది. కోస్తాలో సారె పేరుతో రాకపోకలు సాగుతాయి. దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని పెద్దల ఇళ్ళకు వెళ్ళాలి. దీపావళి వెళ్ళిన రెండో రోజు అక్కచెల్లెళ్ళ చేతి భోజనం తినాలి. దాయాదుల్లో ఎవరైనా పోతే పది రోజుల మైల పట్టాలి, కాబట్టి ఎంత దూరాన ఉన్నవాళ్ళకైనా కబురు పంపాలి. మైలను నేను సమర్థించడం లేదు. దాని వల్ల కబురు ఆగకుండా వెళ్ళేదని మాత్రం గుర్తించాలి.

అన్నిటికన్నా గట్టి ముడి మేనరికం. ఇరావతీ కార్వే 1953లో భారతదేశపు బంధుత్వ వ్యవస్థల మీద రాసిన పుస్తకంలో ఉత్తరాదికీ దక్షిణాదికీ ఉన్న ఈ తేడాను వివరించారు. ఉత్తరాదిన ఆడపిల్లను పరాయి ఊరికి, పరాయి కుటుంబానికి ఇస్తారు. మన వైపు అత్తగారు మేనత్తే కావచ్చు, మామగారు మేనమామే కావచ్చు. ఒక తరంలో వదులైన బంధాన్ని తర్వాతి తరంలో మరో పెళ్ళి మళ్ళీ బిగించేది. ఇప్పుడు మేనరికాలు తగ్గుతున్నాయి, తగ్గాలి కూడా. పుట్టే పిల్లల ఆరోగ్యం దృష్ట్యా అది మంచి మార్పు. అయితే పెళ్ళి చేసిపెట్టిన పనిని ఇక వేరే దారిలో మనమే చేసుకోవాలి.

ఇంకో మార్పు నెమ్మదిగా వస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి పుడుతున్న పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరు కూడా లేరు. అన్న లేని తండ్రికి, చెల్లి లేని తల్లికి పుట్టిన బిడ్డకు సొంత పెదనాన్న, సొంత పిన్ని ఉండరు. అలాంటి పిల్లలకు మీ పెదనాన్న కొడుకే బాబాయి, మీ పెద్దమ్మ కూతురే పిన్ని. వరస ఎలాగూ ఉంది. ఆ వరసతో పిలిపించండి, ఆ ఇంటికి పంపండి. ఒక్క బిడ్డను కన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. మీ తర్వాత ఆ బిడ్డకు రక్తసంబంధం అంటూ మిగిలేది వాళ్ళే.

ముందు ఒక నోటు పుస్తకం

పని ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, కాగితం మీద. ఫోన్‌లో వద్దని కాదు, తర్వాత ఎక్కించుకోండి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెద్దవాళ్ళ పక్కన కూర్చుంటే వాళ్ళు కూడా తొంగి చూస్తారు, తప్పులు దిద్దుతారు, మీరు అడగనివి చెబుతారు.

నాలుగు వైపులా రాయాలి. నాన్నకు నాన్న వైపు, నాన్నకు అమ్మ వైపు, అమ్మకు నాన్న వైపు, అమ్మకు అమ్మ వైపు. మనలో చాలామందికి మొదటి వైపు తప్ప మిగతా మూడూ మసకే. తద్దినం పెట్టే ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు మంత్రంలో వస్తాయి కాబట్టి ఆ మూడు తరాల పేర్లు నిలిచాయి. మన పల్లెల్లో వంశాలను నోటితో నిలిపినవాళ్ళు వేరే ఉన్నారు. కాపుల ఇంటిపేర్లు, గోత్రాలు చెప్పి అడుక్కునే పిచ్చుగుంట్లవారు, ఇప్పుడు వంశరాజ్ అని పిలుచుకుంటున్నవారు, తరతరాలుగా అదే వృత్తిగా బతికారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు పటం విప్పి కులపురాణం చెప్పేవారు. ఇంటింటి చరిత్ర తలలో పెట్టుకు తిరిగిన ఆ మనుషులను మనం బిచ్చగాళ్ళ కింద జమకట్టాం. వాళ్ళ పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు. మీ ఊరికి అలాంటివాళ్ళు ఇప్పటికీ వస్తుంటే కూర్చోబెట్టి, గౌరవంగా సంభావన ఇచ్చి, చెప్పించుకుని రాసుకోండి.

ఇలా చెప్పే వంశాల్లో ఆడవాళ్ళ పేర్లు తరచూ జారిపోతాయి. మీ నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటి? ఆవిడ తల్లి పేరు? ఆవిడకు ఎందరు అక్కచెల్లెళ్ళు, ఏ ఊళ్ళకు ఇచ్చారు? ఇవి మీకు తెలియకపోతే సగం చుట్టాలు మీకు తెలియనట్టే. ప్రతి స్త్రీ పేరు పక్కనా పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి.

ఒక్కో మనిషికి అసలు పేరు, ఇంట్లో పిలిచే పేరు రెండూ రాయాలి. చిట్టి, బుజ్జి, అబ్బులు, పెద్దోడు అనే పేర్లతో తప్ప ఎరగని చుట్టాలు మనకెందరో. పుట్టిన తేదీల దగ్గర జాగ్రత్త. పెద్దవాళ్ళ ధ్రువపత్రాల్లో ఉండేది చాలాసార్లు బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ. "మీరెప్పుడు పుట్టారు?" అంటే వాళ్ళు తెల్లముఖం వేస్తారు. "రజాకార్ల గొడవలప్పుడు మీరెంత ఉంటారు? పోలీసు చర్యకు బడికి పోతున్నారా?" అని అడిగితే 1948 దగ్గరకు వస్తారు. కృష్ణా జిల్లావాళ్ళకు 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, కోనసీమవాళ్ళకు 1996 నవంబరు తుఫాను, గోదావరి ఒడ్డువాళ్ళకు 1986 వరద మరపురానివి. ఉప్పెనకు చంకలో ఉన్న పిల్లాడు ఎవరో, వరద నాటికి ఎవరి పెళ్ళయి ఎన్నాళ్ళయిందో ఠక్కున చెబుతారు. పోయినవాళ్ళ తిథి కూడా అడిగి రాయండి. ఆ రోజున ఫోన్ చేసి "ఇవాళ పెదనాన్న తిథి కదా" అన్నవాళ్ళను ఆ ఇల్లు జీవితాంతం గుర్తు పెట్టుకుంటుంది.

రాత విలువ ఎంతో మారిషస్ తెలుగువాళ్ళను చూస్తే అర్థమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మన తీరం నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కిన వారి సంతతి వాళ్ళు. అక్కడి మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నాటి వలస చిట్టాలున్నాయి. వచ్చిన మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, కొందరికి ఫొటో కూడా. ఇవాళ ఎవరైనా తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ మన వైపు రావాలంటే ఆ చిట్టాలే ఆధారం. కూలీల లెక్క కోసం రాసుకున్న కాగితాలు అన్ని తరాల తర్వాత ఇంటి దారి చూపిస్తున్నాయి. ఇక్కడ ఉండిపోయిన అన్నదమ్ముల ఇళ్ళల్లో మాత్రం ఓడెక్కినవాడి పేరు రాసిపెట్టుకున్నవాళ్ళు అరుదు.

అడిగే పద్ధతి

"తాతా, నీ జీవితం గురించి చెప్పు" అంటే ఏ తాతా చెప్పడు. "ఏముందిరా చెప్పడానికి" అంటాడు. చిన్నవి అడగాలి. పెళ్ళికి ఏ బండి మీద వెళ్ళారు? దారిలో ఎక్కడ ఆగారు? వంట ఎవరు చేశారు? కరెంటు వచ్చిన రోజు ఏ గదిలో బల్బు పెట్టారు? మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నారు? పొలం అమ్మాల్సి వచ్చినప్పుడు ఎవరు ఏడ్చారు? ఇలాంటి ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు రాదు, కథ వస్తుంది.

ఇద్దరిని కలిపి కూర్చోబెట్టండి. అక్కచెల్లెళ్ళయితే మరీ మంచిది. ఒకరు చెప్పింది ఇంకొకరు "కాదే, అది పెద్దన్నయ్య పెళ్ళప్పుడు కాదు" అని సరిచేస్తారు. పాత ఫొటో చేతిలో పెడితే ఇంకా కదులుతుంది. ఆ ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి పేర్లు రాయించండి. బాల్‌పెన్ వద్దు, ముందు వైపు అచ్చు పడుతుంది. ఫోన్‌లో గొంతు రికార్డు చేస్తే చివర్న తేదీ, ఊరు, ఎవరెవరు మాట్లాడారో మీరే పలికి ముగించండి. పదేళ్ళ తర్వాత ఆ ఫైలు ఎవరిదో చెప్పేది ఆ మాటే. ఇంకో చోట కూడా దాచండి. ఒక్క ఫోన్ పోతే ఒక తరం గొంతు పోకూడదు.

రికార్డు చేస్తున్నామని చెప్పి చేయండి. పెద్దవాళ్ళు నమ్మి చెప్పినవి కొన్ని మీ దగ్గరే ఉండిపోవాలి. నలుగురికీ పంపేవి కావు అవి. ఒక పెళ్ళి ఎందుకు తప్పిందో, ఒక బిడ్డ ఎలా పోయిందో చెబుతూ ఆగిపోతే, అక్కడితో ఆపి ఒక గ్లాసు నీళ్ళివ్వండి.

ఇది పిల్లలకెందుకు అని అడిగే తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకు ఇరవై ప్రశ్నలు ఇచ్చి చూశారు. అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, నువ్వు పుట్టినప్పటి సంగతి తెలుసా, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం, తమ బతుకు తమ చేతిలో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ పట్టించడం వల్ల అది రాదని, ఇంట్లో కూర్చుని చెప్పుకునే అలవాటు వల్ల వస్తుందని వాళ్ళే హెచ్చరించారు. కాబట్టి దీన్ని కూడా ట్యూషన్‌లా మార్చకండి.

ఫోన్ ఉన్నంత మాత్రాన

ప్రతి కుటుంబానికీ ఇప్పుడొక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం రాజకీయాల వీడియోలు, సాయంత్రం ఎవరో అలిగి బయటికి వెళ్ళిపోవడం. ఆ సందడిలో పెదనాన్నకు ఆపరేషన్ అయిందన్న మాట కొట్టుకుపోతుంది. నా సలహా, కబుర్లకు వేరే గ్రూపు పెట్టండి. అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా సెట్టింగ్ ఉంది, అది వాడండి. పుట్టుక, చావు, జబ్బు, పెళ్ళి, ఉద్యోగం, ఇల్లు మారడం, ఇవే అందులో రావాలి. ప్రతి శాఖ నుంచి ఒక్కరు అడ్మిన్‌గా ఉంటే చాలు. రెండో గ్రూపులో పువ్వులు పంపుకోనివ్వండి, పెద్దవాళ్ళకు "నేను లేచాను, బాగున్నాను" అని చెప్పడానికి అదే దారి. రాజకీయాలు, కులం మాటలు మాత్రం రెండింటిలోనూ వద్దని మొదటి రోజే పెద్దవాళ్ళ చేత చెప్పించండి.

గ్రూపు కబురు మోస్తుందే గానీ మనిషిని దగ్గర చేయదు. దానికి ఇద్దరి మధ్య మాట కావాలి. పని లేకుండా చేసే ఫోన్ అన్నిటికన్నా విలువైనది. మొదటిసారి అవతలివాళ్ళు "ఏమైంది? అంతా బాగానే ఉన్నారా?" అని కంగారుపడతారు. ఇన్నాళ్ళూ చావు కబురుకో డబ్బుకో తప్ప ఫోన్ మోగలేదని అర్థం. రెండోసారి కంగారు ఉండదు. మూడోసారి వాళ్ళే చేస్తారు. మాట్లాడాల్సింది అయిదు నిమిషాలే.

దూరదేశాల్లో ఉంటే వేళ కుదుర్చుకోండి. మనకు ఆదివారం ఉదయం ఏడున్నర అయితే డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిది. అక్కడ మార్చి నుంచి నవంబరు దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు తొమ్మిది. రెండు వైపులా తీరిక ఉండే వేళ ఇది. సౌదీ, కువైట్, ఖతార్‌లు మనకంటే రెండున్నర గంటలు వెనక, సెలవు శుక్రవారం. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షల వల్ల జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో చదువురాని తల్లులు కూడా ఇమో లాంటి వేరే యాప్‌లు వాడటం నేర్చుకున్నారు. కొడుకు ముఖం చూడటం కోసం వాళ్ళు నేర్చుకోగలిగితే, ఉద్యోగం చేస్తూ "టైమ్ లేదు" అనే మనకు సాకు లేదు.

పిల్లల విషయంలో ఒక పద్ధతి మానుకోవాలి. ఆడుకుంటున్న పిల్లాడి ముఖానికి ఫోన్ పెట్టి "తాతయ్యకు హాయ్ చెప్పు" అనడం. వాడు హాయ్ చెప్పి పారిపోతాడు, అవతల తాతయ్య చిన్నబుచ్చుకుంటాడు. వాళ్ళిద్దరికీ మధ్యలో ఏదైనా ఒక పని పెట్టండి. మనవరాలు ఉప్మా చేస్తూ నాయనమ్మను అడగాలి. మనవడు తాతయ్యకు ఫోన్‌లో యూపీఐ నేర్పాలి. ఇద్దరూ చదరంగం ఆడొచ్చు, తాత రోజుకొక పొడుపుకథ పంపొచ్చు. పిల్లలు తెలుగులో తడబడితే, యాసగా పలికితే, బాబాయిలు పిన్నులు నవ్వకండి. ఒకసారి నవ్వులపాలైన పిల్ల మళ్ళీ తెలుగులో నోరు విప్పదు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఆస్తి మాట

ఎడబాటు వల్ల సన్నగిల్లిన బంధాలను ఒక ఫోన్‌తో అందుకోవచ్చు. నిజంగా తెంచేది ఆస్తి. అందులోనూ ఆడపిల్ల వాటా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికి దారి చూపింది. 1986లో చేసిన సవరణ చట్టంతో, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది, పెళ్ళయిన కూతుళ్ళకు కూడా. అప్పటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, పెద్దకర్మ రోజున కళ్ళు ఇంకా ఆరని అక్కచెల్లెళ్ళ ముందు కాగితం పెట్టి సంతకం అడిగే ఇళ్ళు ఉన్నాయి. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని ఆమె పెడుతుంది. అడిగిన ఆడపడుచును "కుటుంబాన్ని చీల్చింది" అంటారు. వాటా అడిగినవాళ్ళు కుటుంబాన్ని చీల్చలేదు. ఇవ్వాల్సింది ఇవ్వకుండా బంధం మాత్రం ఉండాలనుకోవడమే చీలుస్తుంది.

తల్లిదండ్రులు చేయగలిగిన మేలు ఒకటుంది. బతికుండగానే పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పి, వీలునామా రాసి రిజిస్టర్ చేయించడం. కర్మ జరిగే రోజుల్లో ఆస్తి మాట ఎత్తకూడదని ఇంటి నియమంగా పెట్టుకోండి. గొడవ కోర్టుకే వెళ్ళినా, పిల్లలను అందులోకి లాగకండి. మీ అన్న మీద మీకున్న కోపం మీ కొడుక్కి ఎందుకు? వాడికి పెదనాన్న కావాలి, ఆ ఇంటి పిల్లలు కావాలి.

విడిపోయినవాళ్ళు కలవడానికి మన సంప్రదాయం ఒక తలుపు తెరిచి ఉంచింది. పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి, చావుకు పిలవకపోయినా వెళ్ళాలి. ఏళ్ళుగా మాటల్లేని ఇంటికైనా ఆ రోజు వెళ్ళొచ్చు, ఎవరూ "ఎందుకొచ్చావు" అనరు. వెళ్ళండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. కాసేపు కూర్చుని, పదో రోజుకు మళ్ళీ వెళ్ళండి. అయితే చావు దాకా ఆగడమెందుకు? జబ్బుకు కూడా అదే నియమం వర్తింపజేసుకోండి.

ఎవరిని పిలవాలి, ఎవరు పిలవాలి

ప్రతి వంశంలో ఒకరిద్దరు లెక్కలో లేకుండా పోతారు. కులాంతరమో మతాంతరమో పెళ్ళి చేసుకున్న అమ్మాయి, అప్పులపాలై ఊరొదిలిన బాబాయి, విడాకులు తీసుకున్న వదిన, భర్త పోయాక పుట్టింటికి చేరిన కోడలు. మీ నోటు పుస్తకంలో వాళ్ళ పేర్లు రాయండి. ముందు వాళ్ళకు ఫోన్ చేయండి. పెద్దవాళ్ళు పంతంతో మూసిన తలుపును తర్వాతి తరం తెరవాలి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అలాగని అందరినీ భరించాలని చెప్పను. చిన్నతనంలో చేయిచేసుకున్నవాణ్ణి, ఒంటి మీద చెయ్యి వేసినవాణ్ణి, కోడలిని కొట్టినవాణ్ణి "ఎంతైనా మనవాడు" అంటూ పిలిచే కుటుంబం, గాయపడినవాళ్ళను బయటికి పంపుతున్నట్టే. ఆ హింస చేసినవాళ్ళు రాని చోటే మిగతావాళ్ళు హాయిగా కలుస్తారు.

డబ్బు తేడా గురించి కూడా మాట్లాడుకోవాలి. ఒక అన్న ఊళ్ళో కౌలు చేస్తున్నాడు, తమ్ముడు హైదరాబాదులో అపార్టుమెంటు కొన్నాడు. తమ్ముడింటికి వచ్చినప్పుడు అన్న సోఫా అంచున కూర్చుంటాడు. కొన్నాళ్ళకు రావడం మానేస్తాడు. ఇలాంటి చోట ఉన్నవాళ్ళే లేనివాళ్ళ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళి, రాత్రి ఉండి, వాళ్ళు పెట్టింది తినాలి. వాళ్ళ పిల్లలకు చదువుకు సాయం చేస్తే నలుగురిలో చెప్పకూడదు.

ఇక మగవాళ్ళకు ఒక మాట. ఈ పనంతా ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ మీద వేశాం. భర్త మేనత్త పుట్టినరోజు కూడా కోడలే గుర్తు పెట్టుకోవాలి, మరిచిపోతే ఆమెదే తప్పు. ఉద్యోగం, పిల్లలు, వంటతో పాటు ఇది కూడా మోయలేక ఈ తరం ఆడవాళ్ళు దించేశారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మీ అమ్మ వైపు, నాన్న వైపు చుట్టాలకు ఫోన్ మీరే చేయండి. పెళ్ళికి ఎంత చదివించాలో, ఎవరికి బట్టలు పెట్టాలో మీరే తెలుసుకోండి.

ఏడాదికి ఒక రోజు

పెళ్ళిళ్ళలో కలుస్తున్నాం కదా అంటారు. పెళ్ళిలో ఎవరూ మాట్లాడుకోరు, ఫొటో దిగి బంతికి పరిగెడతారు. కలవడానికే ఒక రోజు పెట్టుకోవాలి, ఆ రోజు ఏటా మారకూడదు. కోస్తా కుటుంబాలకు కనుమ బాగుంటుంది. కనుమనాడు కాకైనా కదలదని సామెత, ఎవరూ ప్రయాణం పెట్టుకోరు కాబట్టి వచ్చినవాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు. తెలంగాణలో ఆడపిల్లలు పుట్టింటికి వచ్చే సద్దుల బతుకమ్మ, దసరా రోజులు సరిపోతాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఏటా రాలేరు కాబట్టి వాళ్ళకు చాలా ముందుగా తేదీ చెప్పండి. పన్నెండేళ్ళకొకసారి వచ్చే పుష్కరాలు ఎలాగూ చాలామందిని రప్పిస్తాయి. 2027లో గోదావరికి, 2028లో కృష్ణకు పుష్కరాలు. ఇప్పటి నుంచే అనుకుంటే రెండు మూడు శాఖలు ఒకే ఊళ్ళో దిగొచ్చు.

ఊళ్ళో ఇల్లు అమ్మేశారా? ఫరవాలేదు, సత్రమో, గుడి మండపమో, ఎవరి పొలంలో చెట్టు కిందో చాలు. ఖర్చు ఇంటికింత అని వేయకండి, లేనివాళ్ళు ఆ మాటకే ఆగిపోతారు. ఒకరు బియ్యం, ఒకరు కూరలు, ఒకరు వండే చెయ్యి. ఆ రోజు కొత్త కోడళ్ళు, అల్లుళ్ళు, పుట్టిన పిల్లల పేర్లు నోటు పుస్తకంలో ఎక్కించండి. పదిహేనేళ్ళు దాటిన ఒక పిల్లకో పిల్లాడికో ఆ పుస్తకం చదివే పని అప్పగించండి. ముగ్గురు నలుగురికి ఆ పని చేతనైతే, మీ తర్వాత ఆగదు.

మీ ఇంట్లో ఈ పని చేస్తున్న పెద్దావిడ ఇంకా ఉంటే మీరు అదృష్టవంతులు. ఈ ఆదివారం ఒక పుస్తకం, పెన్ను పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళండి. "నీకు తెలిసిన చుట్టాలందరి పేర్లూ నాకు చెప్పు, ఇకనుంచి వాళ్ళకు ఫోన్ నేను చేస్తాను" అనండి. ఆవిడ లేకపోతే, ఆవిడ ఎక్కువగా తలుచుకున్న చుట్టం ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. ముందు ఆ ఇంటికి ఫోన్ చేయండి.